మూత్రపిండముల వ్యాధియు, మన యింటి కషాయములును



గడచిన రెండు మాసములలో ఈ శీర్షికకు వచ్చిన జాబులలో ఏడెనిమిది ఒక్కటే ప్రశ్న నడిగినవి. ఒకరు భర్తకు, ఒకరు తల్లికి, ఒకరు మామగారికి మూత్రపిండములు దెబ్బతిన్నవని వైద్యులు చెప్పిరనియు, ఏ యాకు కషాయము త్రాగించిన నెమ్మదించునో తెలుపుమనియు వ్రాసినారు. ఒక సోదరి కొండపిండియాకును గూర్చి, మఱియొకరు పల్లేరుకాయలను గూర్చి, వేఱొకరు తమ ఫోనునకు వచ్చిన చూర్ణపు ప్రకటనను గూర్చి యడిగిరి. అందఱకును విడివిడిగా జవాబు వ్రాయుటకు మారుగా ఈ నెల శీర్షిక నంతయు దీనికే వినియోగించుచున్నాము. జవాబు మాత్రము వారు కోరినట్టిది కాదు. మేము ఏ యాకు పేరును చెప్పబోవుట లేదు. ఎందుకు చెప్పమో విన్నవించుటకు ముందు, మా యింట జరిగిన సంగతి యొకటి దాపరికము లేక చెప్పుకొనవలసియున్నది.

మా యింట జరిగినది

మా తండ్రిగారు మమ్ము బడికి పంపలేదు. ఇంటనే కూర్చుండబెట్టి కావ్యములతోపాటు భావప్రకాశమువంటి వైద్యగ్రంథములను గూడ చదివించిరి. ఓషధుల పేర్లు పర్యాయపదములతో సహా మాకు నోటికి వచ్చును. కాపురమునకు వచ్చిన పిదప ఇరుగుపొరుగు స్త్రీలు పిల్లల దగ్గునకును, పెద్దల యజీర్తికిని మమ్మడిగి పోవుట యలవాటయినది. చెప్పినవి చాలవఱకు చిన్న చిట్కాలే, చాలవఱకు గుణమిచ్చినవి. అందుచే మాకు లోలోపల కొంత గర్వముండెడి దనుట నిజము.

మూడేండ్ల క్రిందటి వేసవిలో మా వారి యక్కగారు మా యింటికి వచ్చి రెండు నెలలుండిరి. వదినగారికి పదునైదేండ్లుగా మధుమేహము. రక్తపుపోటునకు మాత్రలు వాడుచుండిరి. ఆ యేడు పరీక్షలో క్రియాటినిన్ 2.3 ఉన్నదనియు, మూత్రపిండముల శక్తి బాగుగా తగ్గినదనియు వైద్యుడు చెప్పి, ఉప్పు తగ్గించుమని పంపెను. సాయంకాలమగుసరికి ఆమె పాదములు వాచి, చెప్పులు పట్టెడివి కావు. చూచి మా మనస్సు కరగినది.

పునర్నవ యన మన యటికమామిడియే. గ్రంథములలో దానికి శోథఘ్ని యని మఱియొక పేరు. వాపును పోగొట్టునది యని యర్థము. మేము పేరు చూచి మందు నిశ్చయించితిమి. పెరటిలోని యటికమామిడిని వేళ్లతో పెఱికించి, పల్లేరుకాయలు చేర్చి, నాలుగవ వంతునకు మరగించి, ఉదయము సాయంకాలము గ్లాసెడు చొప్పున ఇచ్చితిమి. ఆ యాకునే పప్పులో వేసితిమి. ఎండలు ముదిరినవి గదా యని పూటకొక కొబ్బరిబొండము కొట్టించితిమి. ఉప్పు తగ్గించవలెను గనుక బజారునుండి సోడియము తక్కువగా నుండెడి యుప్పు తెప్పించి దానితోనే వండితిమి. వదినగారు ప్రతిదానికిని, "నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలుసు," అనుచు త్రాగిరి. నాలుగు దినములకు వాపు కొంచెము తీసినట్లు తోచెను. మా యుత్సాహము రెట్టించినది.

పదునొకండవ నాటి తెల్లవారుజామున ఆమె మంచము దిగబోయి కూలబడిరి. కాళ్లలో సత్తువ లేదు. నాడి చూచిన మిక్కిలి మెల్లగా కొట్టుకొనుచుండెను. ఆసుపత్రికి తీసికొనిపోగా గుండె పరీక్షచేసి, రక్తము తీసి, పొటాషియము 7.2 ఉన్నదనిరి. ఆ లెక్క యెంత భయంకరమైనదో మాకప్పుడు తెలియదు. అక్కడివారి పరుగులు చూచి తెలిసికొంటిమి.

డాక్టరుగారు అడిగిరి: "మేమిచ్చిన మాత్రలు కాక ఇంకేమైనా వాడుతున్నారా? ఆకులు, పొడులు, కషాయాలు?"

వదినగారు, "ఏమీ లేదండీ," అనిరి.

ఆమె మా వంక చూడనైన చూడలేదు. మమ్ము కాపాడుటకే ఆ యబద్ధమాడినారని మాకు వెంటనే తెలిసినది. అయినను మా నోరు పెగలుటకు నిమిషమో, రెండు నిమిషములో పట్టెను. మా వారు ప్రక్కనే యున్నారు. చదువుకొన్నదానినను పేరు పోవునను వెఱపో, ఆమెకేమగునో యను వెఱపో, ఏది మా గొంతు పట్టుకొన్నదో చెప్పలేము. తుదకు అంతయు చెప్పితిమి: కషాయము, పప్పు, బొండములు, ఉప్పు. డాక్టరుగారు కోపపడలేదు. "చెప్పారు, మంచిపని చేశారు. లేకపోతే కారణం వెతుక్కుంటూ కూర్చునేవాళ్లం," అని మాత్రమనిరి.

ఆ రాత్రియే డయాలిసిస్ చేసిరి. మూడు పర్యాయములు చేసిన పిమ్మట గండము గడచెను. కాని క్రియాటినిన్ మఱల 2.3 కు దిగలేదు, 3.4 వద్ద నిలిచినది. వ్యాధి తనంతట ముదిరిన దెంత, మా చేతిచలువ వలన ముదిరిన దెంత యని విడదీసి చెప్పలేమని వైద్యులనిరి. ఆ మాట మాకు ఊరట కాలేదు.

తూము మూసికొన్న తొట్టి

తప్పు యెక్కడ జరిగినదో తరువాత తెలిసికొంటిమి. మీరు ముందే తెలిసికొనుటకు ఇక్కడ వ్రాయుచున్నాము.

మన కున్న రెండు మూత్రపిండములలో ఒక్కొక్కదానియందు ఇంచుమించు పది లక్షల సన్నని వడపోతలున్నవి. అవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టి, ఒంటికి వలసినదంతయు మఱల లోనికి తీసికొని, అక్కఱలేనిది లీటరున్నర ప్రాంతము మూత్రముగా వెలికి పంపును. మనము తినెడి తిండిలోని యధిక లవణములు, త్రాగెడి మందులలోని శేషములు చాలవఱకు ఈ దారినే పోవలెను.

పెరటిలోని నీళ్లతొట్టిని తలచుకొనుడు. తూము తెఱచియున్నంతసేపు ఎన్ని బిందెలు పోసినను నీరు పొంగదు. తూము పూడిపోయిన పిదప అదే బిందె, అవే నీళ్లు, అదే చేయి, తొట్టి పొర్లిపోవును. బిందెలో దోషము లేదు. ఆరోగ్యవంతునకు మేలుచేసిన యాకు మూత్రపిండములు చెడినవానికి కీడుచేయుట ఇట్టిదే. "మాకందఱకు పనిచేసినది గదా!" యను సాక్ష్యము ఇక్కడ చెల్లదు. సాక్ష్యము చెప్పువారి తూములు తెఱచియున్నవి.

పొటాషియమను లవణమునే చూతము. అది ఆకుకూరలలోను, పండ్లలోను, కొబ్బరినీటిలోను, మొక్కల కషాయములలోను సమృద్ధిగా నుండును. గ్లాసెడు కొబ్బరినీటిలోనే 400 నుండి 600 మిల్లీగ్రాముల వఱకు ఉండును. రక్తములో నది 3.5 నుండి 5 వఱకు నుండవలెను, 6.5 దాటిన గుండె గతి తప్పును, ఆగిపోవచ్చును. అటికమామిడిలో పొటాషియపు లవణములు మెండు. సోడియము తక్కువ యుప్పులో తగ్గించిన సోడియమునకు బదులుగా కలుపునది సాధారణముగా పొటాషియమే. పైగా రక్తపుపోటునకు ఇచ్చెడి మాత్రలలో కొన్ని పొటాషియమును ఒంటిలో నిలుపును. వదినగారు వాడుచుండిన మాత్ర యట్టిదే. వైద్యుడు దానిని లెక్క చూచియే యిచ్చెను. ఆ లెక్కపై మేము నాలుగు బిందెలు పోసితిమి. బలమునకని యమ్మెడి నోనీ రసము సంగతియు నింతే.

రాళ్ల జబ్బు వేఱు, ఈ జబ్బు వేఱు

మన యిండ్లలో జరుగు పొరపాట్లలో సగము ఒక్క మాటవలన వచ్చుచున్నవి. "కిడ్నీ జబ్బు" అందుము. ఆ పేరుతో రెండు వేఱువేఱు వ్యాధులను పిలుచుచున్నాము. మూత్రపిండములో రాయి చేరి నడుమునుండి గజ్జలవఱకు పోటు పుట్టుట యొకటి. మధుమేహమువలననో, రక్తపుపోటువలననో, వేఱు కారణముననో వడపోతలు క్రమక్రమముగా మాడిపోవుట మఱియొకటి. మొదటిదానిలో నొప్పి యుండును. రెండవదానిలో చాలకాలము నొప్పియే యుండదు.

కొండపిండియాకు పేరు రాళ్ల జబ్బుతో ముడిపడినది. కొండనే పిండిచేయు నాకు గనుక రాతిని పిండిచేయునని జనుల నమ్మకము. ఆ నమ్మకపు బాగోగుల నటుంచుదము. రాయియే లేనివానికి, వడపోతలు మాడినవానికి ఆ కషాయము దేనిని పిండిచేయవలెను? రాయి కలవానికి నీరు విస్తారముగా త్రాగుమని చెప్పుదురు. వ్యాధి ముదిరి మూత్రము తగ్గినవాడు అట్లే త్రాగిన, ఆ నీరు ఊపిరితిత్తులలో చేరి ఊపిరాడదు. పొరుగింటాయనకు గుణమిచ్చినదని చెప్పినపుడు, ఆయనకున్న దేది, మనవానికున్న దేది యని మొదట విచారింపుడు.

ఆక్సలేటను పదార్థమొకటి యున్నది. కొన్ని ఆకులలోను, పుల్లని కాయలలోను అది యెక్కువ. మితిమీరి లోనికి పోయిన, స్ఫటికములై వడపోతల మార్గములలోనే పేరుకొనును. కేరళములో బిలింబి కాయల రసము కొవ్వు తగ్గించునని నమ్మి త్రాగిన పదిమందికి మూత్రపిండములు హఠాత్తుగా దెబ్బతిన్నవని వైద్యులు 2013 లో ప్రకటించిరి. ఊరగాయకు రెండు కాయలు వేసికొన్నందువలన వచ్చిన యాపద కాదిది. రసము తీసి గ్లాసులతో త్రాగినవారికి వచ్చినది. తిండిగా తిన్నది వేఱు, మందుగా పిండి త్రాగినది వేఱు. స్టార్ ఫ్రూటని బజారులో నమ్మెడి యైదు పలకల పుల్లని పండు మఱియు క్రూరమైనది. అందలి విషపదార్థము నొకదానిని ఆరోగ్యవంతుని మూత్రపిండములు వెలికి పంపివేయును. వ్యాధిగ్రస్తుడు ఒక్క పండు తినినను అది మెదడున కెక్కి, ఆగని యెక్కిళ్లు, తబ్బిబ్బు, మూర్ఛలు కలిగి, ప్రాణాంతకము కావచ్చును.

పేరొకటి, మొక్క వేఱొకటి

మేము పేరు చూచి మందిచ్చితిమంటిమి. పేర్లను నమ్ముటలోని ప్రమాదమునకు లోకమెఱిగిన నిదర్శన మొకటి కలదు.

బెల్జియము రాజధాని బ్రస్సెల్సు నగరములో 1990 ప్రాంతమున ఒక వైద్యశాలలో స్త్రీలకు ఒళ్లు తగ్గుటకు మాత్రలిచ్చుచుండిరి. వానిలో చీనాదేశపు మూలిక లుండెను. కొంతకాలమునకు ఆరోగ్యవంతులైన ఆ స్త్రీల మూత్రపిండములు ఒకరి తరువాత ఒకరికి మాడిపోజొచ్చినవి. 1993 లో అక్కడి వైద్యులు సంగతిని వెల్లడించిరి. కలుపవలసిన వేరు ఒకటి, కలిసినది వేఱొకటి. రెంటికిని చీనా భాషలో ఇంచుమించు ఒకే పేరు. కలిసిన వేరు అరిస్టోలోకియా యను జాతిది. నూర్గురకు పైగా స్త్రీలు దాని వాత పడిరి. పెక్కండ్రకు డయాలిసిస్సో, వేఱొకరి మూత్రపిండమో కావలసివచ్చెను. అంతతో పోలేదు. పాడైన మూత్రపిండములను తీయించుకొనిన 39 మందిలో 18 మందికి మూత్రమార్గమున పుట్టకురుపు, అనగా క్యాన్సరు, కనబడినట్లు 2000 లో ప్రకటించిరి.

ఈ జాతి మనకు క్రొత్తది కాదు. పాముకాటునకు పల్లెలలో వాడెడి యీశ్వరి వేరు ఈ జాతిదే. చర్మవ్యాధులకు, కడుపులోని పురుగులకు వాడెడి గాడిదగడపాకును ఈ జాతిదే. వీనిలోని యామ్లము క్యాన్సరును కలిగించునని నేడు నిస్సందేహముగా తేలినది. తూర్పు యూరపులో డాన్యూబు నది ఉపనదుల వెంట కొన్ని పల్లెలలో తరతరములుగా మూత్రపిండముల వ్యాధి యుండెను. గోధుమచేలలో మొలచు నిదే జాతి కలుపుమొక్క గింజలు పిండిలో కలిసి రొట్టెలలోనికి పోవుటయే దానికి మూలమని కనుగొనుటకు అర్ధశతాబ్ది పట్టెను.

మన యంగడివీధిలో మాత్రము పేర్లు నిలకడగా నున్నవా? పాషాణభేది యను పేరున ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క మొక్క నమ్ముచున్నారు. వానిలో కొండపిండియు నొకటి. పునర్నవ యని యడిగిన అటికమామిడి యిచ్చువారు కొందఱు, గలిజేరు యిచ్చువారు కొందఱు. ఎండి, నలిగి, పొట్లములోనికి వచ్చిన వేరును చూచి మొక్కను గుర్తుపట్టుట నిఘంటువు చదివినంతమాత్రమున రాదు.

చూర్ణములు, భస్మములు

పచ్చియాకు సంగతి యట్లుండగా, సీసాలలోను డబ్బాలలోను వచ్చునవి మఱియొక తెగ. కొన్నిటిలో పాదరసము, సీసము, పాషాణము ఉండును. అమెరికాలోని బోస్టను పరిసరములందు దుకాణములలో నమ్ముచుండిన 70 ఆయుర్వేద సరకులను పరీక్షింపగా 14 టిలో ఈ లోహము లున్నట్లు 2004 లో తేలినది. పాదరసము మూత్రపిండములలోనే చేరి నిలుచును. ఇటీవలి యేండ్లలో చెన్నపట్టణపు వైద్యులు, మూత్రములో మాంసకృత్తులు పోవు ఒకరకపు వ్యాధి గలవారిలో పలువురు నాటుమందులు వాడినవారే యనియు, మానిన పిమ్మట పెక్కండ్రకు నెమ్మదించిన దనియు వ్రాసిరి. కేరళములో తెలుపు వచ్చుటకు ముఖమునకు రాచుకొనెడి పాదరసపు క్రీములవలన గూడ ఇదే వ్యాధి వచ్చినది. ఇది ముఖ్యముగా మన యాడపిల్లలు వినవలసిన మాట.

కీళ్లనొప్పులకని యమ్మెడి యూరుపేరు లేని పొడులలో రహస్యముగా నొప్పిమాత్రలను, స్టెరాయిడులను నూఱి కలుపుటయు కలదు. అందుకే ఆ పొడి ఒక్క పూటలో గుణమిచ్చును. నొప్పిమాత్రలు చెడిన మూత్రపిండములకు పగవంటివి. "ఆకు మందే కదా" యని వానిని తప్పించుకొనబోయి వానినే తినుచున్నామన్నమాట.

నాలుగు మాటలలో మఱికొన్ని. అతిమధురము ఎక్కువగా వాడిన ఉప్పును, నీటిని ఒంటిలో నిలిపి రక్తపుపోటును పెంచును. సునాముఖి విరేచనములను పట్టించి ఒంటిలోని నీటిని లాగివేయును. బలహీనమైన మూత్రపిండము ఆ యెండకు తాళలేదు. వేఱొకరి మూత్రపిండమును అమర్చుకొనినవారు శరీరపు రక్షణశక్తిని అణచుటకే మందులు వాడుచుందురు. రక్షణశక్తిని పెంచునని యమ్మెడి యేదైనను వారికి వర్జ్యము.

శాస్త్రమును నిందించుట లేదు

ఇంత వ్రాసినందులకు, ఆయుర్వేదమును కాదనుచున్నామని యెవరైన ననుకొందురేమో. మేము పుట్టి పెరిగినది ఆ గ్రంథముల నడుమనే. చరకుడు తన సంహిత మొదటి యధ్యాయముననే, ఎఱుగని మందును విషముతో సమానముగా చూడవలెనని హెచ్చరించినాడు. రోగి బలము, వయస్సు, దేశము, కాలము చూడక మందీయరాదని ఆ శాస్త్రమే ఘోషించుచున్నది. మేము వదినగారి బలమును చూచితిమా? ఆమె పరీక్షాపత్రమును చూచితిమా? శ్లోకమును చూచితిమి, అంతే. మేము తప్పినది శాస్త్రమునే.

ప్రభుత్వమును ఈ సంగతి నెఱుగనిది కాదు. గురివింద, నాభి, జీడిగింజ, పాదరసము మొదలగు విషద్రవ్యములు కలిసిన ఆయుర్వేదపు మందు డబ్బాపై, వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనను హెచ్చరిక ముద్రింపవలెనని నిబంధన యున్నది. 1954 నాటి చట్టము ప్రకారము, కొన్ని వ్యాధులను కుదుర్తుమని ప్రకటన చేయుటయే నేరము. ఆ పట్టికలో మధుమేహమున్నది, మూత్రపిండములోని రాయి యున్నది, మూత్రపిండముల వ్యాధికి పాత పేరైన బ్రైటు వ్యాధియు నున్నది. కావున, "డయాలిసిస్ అక్కఱలేదు, నలువది దినములలో క్రియాటినిన్ దించెదము," అను ప్రకటన మీ ఫోనునకు వచ్చినపుడు, ఆ మాట చెప్పుటయే చట్టవిరుద్ధమని తెలియుడు. మాడిపోయిన వడపోతలను మఱల మొలిపించు మందు ఏ వైద్యమునందును నేటివఱకు లేదు. ఉన్న శక్తిని నిలుపుకొనుటకు, క్షీణతను నెమ్మదింపజేయుటకు మాత్రము మంచి మార్గములున్నవి. చక్కెరను, రక్తపుపోటును అదుపులో నుంచుటయే వానిలో మొదటిది.

ఉద్దానపు సోదరీమణులకు

శ్రీకాకుళము జిల్లా ఉద్దానమునుండి వచ్చిన జాబు నొకదానిని చదివి మేము చాలసేపు ఊరకుంటిమి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములలో ఏండ్ల తరబడి ఈ వ్యాధి ఇంటింటిని పీడించుచున్నది. మధుమేహము, రక్తపుపోటు లేని కష్టజీవులకును వచ్చుచున్నది. కారణము నేటికిని తేలలేదు. కారణము తెలియనిచోట ఆశ చూపి యమ్మువారు చేరుట సహజము; కాన్పుకు దాచుకొన్న సొమ్ము, పుస్తెలు తాకట్టుపెట్టిన సొమ్ము చూర్ణములకు పోవుచున్నదని ఆ సోదరి వ్రాసినది. 2023 డిసెంబరులో పలాసలో ఈ వ్యాధికై 200 పడకల యాసుపత్రి, పరిశోధన కేంద్రము ప్రారంభమైనవి. ఆ సొమ్ముతో బస్సెక్కి అచ్చటికి పొండు. ఇంటిలో ఒకరికి వ్యాధి యుండిన తక్కినవారందఱును క్రియాటినిన్ పరీక్షయు, మూత్రపరీక్షయు చేయించుకొనుడు. ముందే తెలిసినవానికి మిగిలియున్న వడపోతలు ఎక్కువ.

గృహిణి చేయవలసినవి

ఇంటిలో మందు గ్లాసు అందించునది మనమే గనుక, జాగ్రత్తయు మనదే.

1. మధుమేహము, రక్తపుపోటు ఉన్నవారికి ఏడాదికొక పర్యాయమైనను రక్తములో క్రియాటినిన్, మూత్రములో ఆల్బుమిన్ పరీక్ష చేయించుడు. కషాయము కాచుటకు ముందు ఆ కాగితమును చూడుడు.

2. మూత్రపిండముల శక్తి తగ్గినదని తెలిసిన పిమ్మట, వైద్యుని అడుగక ఏ యాకును, వేరును, పొడిని, భస్మమును, రసమును ఈయకుడు. కూరలోని చిటికెడు పసుపు, పోపులోని జీలకఱ్ఱ వంటకము క్రిందికే వచ్చును; వానికి భయపడనక్కఱలేదు. అదే పసుపును గోలీలుగా మ్రింగుట వంటకము కాదు.

3. కొబ్బరినీరు, పండ్లరసములు, ఆకుకూరలు, సోడియము తక్కువ యుప్పు ఎంతవఱకు వాడవచ్చునో పొటాషియము లెక్కనుబట్టి వైద్యుని అడుగుడు. ఇది అందఱకు ఒకే తీరు కాదు.

4. ఆసుపత్రికి పోవునపుడు ఇంట వాడుచున్న ప్రతి మందును, ఆయుర్వేదమైనను, హోమియోపతియైనను, సంతలో కొన్నదైనను, సంచిలో వేసికొని పొండు. డబ్బాపై పేరు లేకున్న ఆ పొడినే చూపుడు.

5. ఆకు మందు నమ్మి, వైద్యుడిచ్చిన ఇన్సులిన్, రక్తపుపోటు మాత్రలు మానిపింపకుడు. కషాయము చేసిన కీడుకంటె ఈ మానుట చేసిన కీడు పెక్కిండ్లలో హెచ్చు.

6. కాళ్లలో సత్తువ పోవుట, నాడి మెల్లగించుట, మూత్రము తగ్గుట, ఆయాసము, ఆగని యెక్కిళ్లు, మాట తడబడుట కనబడిన, తెల్లవారనీయక ఆసుపత్రికి తీసికొనిపొండు.

ఏడవది యొకటి కలదు. అది అన్నిటికంటె చిన్నది, అన్నిటికంటె కష్టమైనది. వైద్యుడు, "ఇంకేమైన వాడుచున్నారా?" యని యడిగినపుడు నిజము చెప్పుడు. అత్తగారు తిట్టుదురని, భర్త కోపగించునని, డాక్టరు నవ్వునని, మన పేరు పోవునని నోరు కుట్టుకొనకుడు. రోగి మనలను కాపాడుటకు అబద్ధమాడవచ్చును. ఆ యబద్ధము వెనుక మనము దాగికొనరాదు.

వదినగారు ఇపుడు తమ యూరనే యున్నారు. మూడు నెలల కొకసారి పరీక్షకు వచ్చి, మా యింట రెండు దినములుండి పోవుదురు. ఉప్పు, పప్పు, నీళ్లు కొలతప్రకారమే. పోయిన సంక్రాంతికి వచ్చినపుడు పెరటిలో మఱల మొలచిన యటికమామిడిని చూచి, "ఇదేనా నాకు పోసింది?" అని నవ్విరి. మేము నవ్వలేకపోతిమి. పెఱికివేయుదమని వంగితిమి. "ఎందుకమ్మా, దాని తప్పేముంది?" అని ఆమె వారించిరి. అది అక్కడనే యున్నది.

వచ్చు నెలలో ఈ వ్యాధి గలవారికి ఉప్పు తగ్గించియు రుచి చెడకుండ వండుట యెట్లో ముచ్చటించుకొందము. అంతవఱకు, జాబులు వ్రాసిన సోదరీమణులు ఏ యాకు అని మమ్మడుగుట మాని, తమవారి పరీక్షాపత్రముతో వైద్యుని అడుగవలెనని వేడుకొనుచున్నాము.